లండన్ నుంచి ఎల్బీనగర్ దాకా వచ్చిన దొంగ

ఆ రోజుల్లో మెయిలంటే మాకు భయమూ భక్తీ రెండూ ఉండేవి. ఇప్పుడైతే పొద్దున్నే ఫోన్ తెరిచి, రాత్రికి రాత్రి పోగైన మెయిళ్ళని దుప్పటి మీది దుమ్ములా దులిపేస్తున్నాం కానీ, అప్పట్లో ఆఫీసుకి ఒక మెయిలొస్తే ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్ళు పనులాపి చుట్టూ చేరాలి, చివర్లో ఎవరో ఒకరు "ఇంతకీ ఏమంటాడు?" అని అడగాలి. బయటేమో తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తోంది. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఏమిటో ఎల్లుండి పొద్దున తెలుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద దుకాణాల షట్టర్లు సగం దించి ఉండేవి. ఆడవాళ్ళు వాటి కిందనుంచి వంగి లోపలికి దూరి, చీరలు కొనుక్కుని, మళ్ళీ వంగి బయటికొచ్చేవారు. (మా పిన్ని నడుంనొప్పికి ఉద్యమమే కారణమని ఇప్పటికీ అంటుంది. చీరల సంగతి మాత్రం ఎత్తదు.)

డిగ్రీ అయిన వెంటనే నేను అక్కడ ఒక చెప్పుల దుకాణం మీదున్న కోచింగ్ సెంటర్లో చేరాను. పేరుకి రిసెప్షనిస్టుని. నిజానికి ఫోన్లు ఎత్తడం, ఫీజు రసీదులు రాయడం, గొడవపడే తల్లిదండ్రులకు మంచినీళ్ళివ్వడం, మెయిళ్ళు చదివి వినిపించడం అన్నీ నావే. మాది నల్గొండ వైపు పల్లె, అప్పటికి మీర్‌పేటలో కిరాయికి ఉంటున్నాం. ఇంట్లో "ఏందే?" అని అరిచే నేనే, ఆఫీసులో కుర్చీ ఎక్కగానే "ఏంటండీ?" అని తీగలు సాగదీసేదాన్ని. రిసెప్షన్లో కూర్చునేవాళ్ళు అలాగే మాట్లాడాలని ఎవరూ చెప్పలేదు. నాకు నేనే తీర్మానించుకున్నాను.

సెంటరు నడిపే సారుని మేమందరం చాటుగా 'అర్జెంటు సారు' అనేవాళ్ళం. ఆయనది భీమవరం దగ్గర పల్లె. లెక్కల మాస్టారుగా ఈ ఊరొచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఆయనకి అన్నీ అర్జెంటే. సుద్దముక్క అర్జెంటు, సంతకం అర్జెంటు, టీ తెప్పిస్తే అది చల్లారడం కూడా అర్జెంటు. ఆయనకి సరిగ్గా ఎదురు మా ఫిజిక్స్ చెప్పే అన్న. సూర్యాపేట వైపాయన. ఏది చెప్పినా ముందు "జర ఆగు" అనేవాడు కాబట్టి పిల్లలు 'జరాగన్న' అని పేరు పెట్టేశారు. పొద్దున ఊరేగింపుల్లో జెండా పట్టుకుని నడిచేవాడు, మధ్యాహ్నం వచ్చి కాంతి వక్రీభవనం చెప్పేవాడు. టీ వేళకి సారూ అన్నా రాష్ట్రం గురించి గొంతులు చించుకుని వాదించుకునేవాళ్ళు. టీ రాగానే గ్లాసు ఒకరికొకరు అందించుకునేవాళ్ళు. మర్నాడు మళ్ళీ వాదన, మళ్ళీ టీ.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం తెలుగులో ఒక మెయిలొచ్చింది. ఆ కాలంలో తెలుగులో మెయిలు రావడమే వింత. నేను అలవాటు ప్రకారం గట్టిగా చదివాను. "ప్రియమైన వినియోగదారుడా. మీ తపాలా పెట్టె ఉబ్బినది. మీ ఖాతా వేలాడదీయబడింది. అది శాశ్వతముగా చనిపోకుండుటకు అర్జెంటుగా కింద నొక్కుము. మీ రహస్య పదమును మాకు తినిపించుము. ప్రేమతో, మీ జట్టు." (ఇంగ్లీషులో దొంగ రాసుకున్నదాన్ని ఏదో యంత్రం తెలుగు చేసిందని ఇప్పుడైతే బడిపిల్లలు కూడా చెప్తారు. మాకప్పుడు యంత్రాలు తెలుగు రాస్తాయనే తెలీదు.)

సారు ముఖం పాలిపోయింది. "ఖాతా వేలాడదీశారా? ఎవరు వేలాడదీశారమ్మా?"

"జట్టు అని ఉంది సార్."

"జర ఆగున్రి సార్," అన్నాడు జరాగన్న. "గిది మనోళ్ళు రాసింది కాదు. మా దిక్కు ఎవడన్న 'వేలాడదీయబడింది' అంటడా? ఏలాడదీసిన్రు అంటరు."

"మా వైపు మాత్రం అంటారేంటయ్యా?" సారుకి రోషం వచ్చింది. "గోదావరి జిల్లాల్లో 'తినిపించుము' అనే మనిషిని ఒక్కణ్ణి చూపించు!"

"మరి గుంటూరోళ్ళేమో?"

"గుంటూరైతే ఇంకాస్త గట్టిగా తిట్టేవాళ్ళు."

ఆ పూటంతా నేర పరిశోధన జరిగింది. రెండు ప్రాంతాలవాళ్ళూ ఆ మెయిలు మాది కాదంటే మాది కాదని ఒక్క మాట మీద నిలబడ్డారు. ఉద్యమం మొదలయ్యాక వాళ్ళిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే అనుకుంటాను. చివరికి సారే తీర్పు చెప్పారు. "ఇంత అర్థంకాని తెలుగు రాశారంటే కచ్చితంగా ప్రభుత్వం వాళ్ళేనమ్మా. అందులోనూ చూడు, 'అర్జెంటుగా' అన్నారు. పద్ధతి తెలిసినవాళ్ళు. నొక్కేసెయ్!" జరాగన్న ఇంకోసారి "జర ఆగు చెల్లె" అన్నాడు గానీ, ఆయన అన్నిటికీ అదే అంటాడు కాబట్టి ఎవరమూ ఆగలేదు. సారు పక్కనే నిలబడి రహస్య పదాన్ని మెట్లమీది పిల్లలకి కూడా వినపడేటట్టు అక్షరం అక్షరం చెప్పారు. నేను జట్టుకి తినిపించాను.

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే సారు బావమరిది. బొంగురుపోయిన గొంతుతో "అమ్మా, బావ గురించి ఏమన్నా తెలిసిందా?" అన్నాడు. సారు నా ఎదురుగానే హాజరుపట్టీ దిద్దుతున్నారు. అసలు సంగతేమిటంటే, ఆ రాత్రే సారు మెయిల్లోంచి ఆయనకి తెలిసిన ప్రతి మనిషికీ ఒక ఇంగ్లీషు మెయిలు వెళ్ళింది. తాను లండన్‌లో ఉన్నాననీ, దొంగలు పర్సూ పాస్‌పోర్టూ లాక్కుపోయారనీ, హోటలువాళ్ళు కదలనివ్వడం లేదనీ, అర్జెంటుగా డబ్బు పంపి ఆదుకోమనీ. ఆ 'అర్జెంటు' అన్న మాట చూసి, పాపం, ఎవ్వరికీ అనుమానం రాలేదు. అచ్చం సారు రాసినట్టే ఉందన్నారు.

సారు ఫోన్ తీసుకుని "ఒరేయ్, నేను దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నానురా!" అని అరిచారు. అవతలినుంచి "పాపం, షాక్‌లో ఎక్కడున్నాడో కూడా తెలీడంలేదు" అని బావమరిది ఎవరితోనో అనడం నాకు కూడా వినపడింది. కాసేపటికి మా బిల్డింగు ఓనరు పైకొచ్చాడు. సారుని చూసి ఆగిపోయి, నడుం మీద చెయ్యేసుకుని, "ఏంది సారూ, రాష్ట్రమొస్తదని గింత భయమా? లండన్ దాంక ఎందుకు పోతివి, విజయవాడ సాలకపోయెనా?" అన్నాడు. సారు తాను ఎక్కడికీ వెళ్ళలేదని చెప్తే, "మరి వాపసు ఎప్పుడొస్తివి?" అన్నాడు. జరాగన్నకి ఎక్కడలేని కోపం వచ్చింది. "మా సారు ఏడికీ పోడు! రాష్ట్రమొచ్చినా ఈడనే ఉంటడు, రాకున్నా ఈడనే ఉంటడు!" అని ఓనరుని మెట్లదాకా సాగనంపి వచ్చాడు. సారు ఆ రోజు టీ రెండుసార్లు తెప్పించారు.

అన్నిటికంటే విచిత్రం మధ్యాహ్నం జరిగింది. మా దగ్గర చదివే ఒక అమ్మాయి నాన్న ఊరినుంచి భుజం మీద బియ్యం మూటతో మూడో ఫ్లోరెక్కి వచ్చాడు. (మాది రెండోదే. కంగారులో దాటిపోయి మళ్ళీ దిగాడు.) సారుని ఆయనెప్పుడూ చూడలేదు. తిన్నగా సారు టేబులు ముందు మూట దించి, "సారు లండన్ల తిండిలేక తిప్పలు పడుతుండట గద. పైసలు పంపుడు మాకు తెల్వది. సన్న బియ్యం తెచ్చిన. జర లండన్‌కు ఎట్ల పంపాలెనో చెప్పున్రి," అన్నాడు. అర్జెంటు సారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఆ మనిషిని కూర్చోబెట్టి, తానే సారునని నమ్మించడానికి బోలెడు కష్టపడ్డారు.

పక్క బిల్డింగులో కంప్యూటర్లు నేర్పే కుర్రాడొకడు తంటాలు పడి మా మెయిలుని దొంగల చేతిలోంచి వెనక్కి లాగాడు. ఇదంతా చూసి ఆ వీధి వాళ్ళందరికీ ఒక పూట క్లాసు కూడా పెట్టాడు. సారు నన్ను పంపించారు. ఆ క్లాసు నా జీవితాన్ని మార్చేసిందంటే నమ్మండి. దొంగ ఎప్పుడూ తొందరపెడతాడట. ఆలోచించుకునే వ్యవధి ఇవ్వడట. తెలియని నంబరునుంచి, తెలియని అడ్రసునుంచి వస్తాడట. తెలిసినవాడి పేరు చెప్పుకుంటాడట గానీ మాట తీరులో ఎక్కడో తేడా కొడుతుందట. ఆపదలో ఉన్నానంటాడు, ఎవరికీ చెప్పొద్దంటాడు, మన దగ్గరున్నదేదో ఇమ్మంటాడు. అనుమానమొస్తే అదే నంబరుతో మాట్లాడకుండా, మనకి ముందునుంచీ తెలిసిన నంబరుకి ఫోన్ చేసి కనుక్కోవాలట. ఎంత తేలిగ్గా ఉంది! ఎంత సబబుగా ఉంది! నేను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసరికి నాకు ప్రపంచమంతా వేరుగా కనిపించింది.

అప్పట్నుంచి సెంటర్లో నా రాజ్యం మొదలైంది. సారు నన్ను 'మెయిళ్ళ ఇన్‌చార్జి' అన్నారు. జీతం పెరగలేదు గానీ మెడ కాస్త పొడుగైంది. ఏ మెయిలొచ్చినా కళ్ళు చిట్లించి చూసి "ఫ్రాడ్" అనేదాన్ని. పుస్తకాలు ముద్రించేవాళ్ళ అసలు బిల్లుని ఫ్రాడన్నాను. పరీక్ష తేదీ మారిందని వచ్చిన అసలు కబురుని ఫ్రాడన్నాను. (అదృష్టం కొద్దీ ఆ తేదీ మళ్ళీ మారింది.) మా అమ్మ పక్కింటావిడ ఫోనునుంచి "జల్ది ఇంటికి రా" అని మెసేజి పంపితే, మా అమ్మ నంబరుకి ఫోన్ చేసి, "గా మెసేజి పంపింది నువ్వేనా? నిజంగనా?" అని అడిగాను. "నేను కాకపోతే నీకు ఎందరమ్మలున్నరే?" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. అయినా నేను చలించలేదు. సారేమో నా గురించి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవారు. "మా అమ్మాయి ఉండగా ఈగ కూడా వాలదండీ," అని.

ఇక అసలు రోజు. పిల్లల పెద్ద పరీక్ష మర్నాడే. పరీక్ష సెంటర్లు ఒక్కొక్కళ్ళకి ఒక్కో ఊళ్ళో పడ్డాయి. సాయంత్రం బస్సెక్కితే గానీ అందుకోలేరు. హాల్ టికెట్లేమో మా ప్రింటరు మొరాయించడంతో ఇంకా చేతికి రాలేదు. దాంతో సారు పొద్దున్నే ఎల్బీనగర్లో తెలిసిన ప్రింటింగ్ షాపుకి స్కూటరేసుకుని వెళ్ళారు. "అర్జెంటుగా వచ్చేస్తా," అని చెప్పి మరీ వెళ్ళారు. ఆ రోజు సాయంత్రం దాకా బందు. ఎల్బీనగర్ చౌరస్తాలో, విజయవాడ రోడ్డుకి అడ్డంగా, వంటావార్పు. అంటే రోడ్డు మీదే రాళ్ళ పొయ్యిలు పెట్టి, గుండిగలెక్కించి, అందరూ అక్కడే వండుకుని తినే నిరసన. మధ్యాహ్నం దాటినా సారు రాలేదు. సెల్లుకి చేస్తే స్విచాఫ్. పిల్లలు సంచులు సర్దుకుని వచ్చి మెట్లనిండా కూర్చున్నారు. అంతా హాల్ టికెట్ల కోసమే. కొందరమ్మాయిలు అప్పటికే ఏడుపు మొహాలు పెట్టారు.

అప్పుడు ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తాను.

"అమ్మా, నేనే," అంది ఒక జీరగొంతు. "అర్జెంటు. ఎల్బీనగర్లో ఇరుక్కుపోయాను. నా సొరుగులో ఐడీ కార్డుంది. అది తీసుకుని జర జల్ది రా. పిల్లలకి చెప్పకు, భయపడతారు."

నా ఒళ్ళు గగుర్పొడిచింది. క్లాసులో చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా వరసగా వచ్చేశాయి! తెలియని నంబరు, తొందర, ఆపద, ఎవరికీ చెప్పొద్దనడం, ఐడీ కార్డు కావాలనడం. పైగా గొంతు సారుది కాదు. అన్నిటికంటే ముఖ్యం, మాట తీరు.

"మీరెవరండీ?" అన్నాను, తీగ సాగదీసి.

"సారుని!"

"మా సారు 'జర' అనరండీ. 'జల్ది' అసలే అనరు. మీరు లండన్‌లో చేసిన పని మాకింకా గుర్తుంది," అని పెట్టేశాను. ఛాతీ ఉప్పొంగుతోంది.

నియమం ప్రకారం తెలిసిన నంబరుకి, అంటే సారు ఇంటికి ఫోన్ చేశాను. మేడమ్ ఎత్తి, నేను నోరు తెరిచేలోపే, "అమ్మాయ్, ఇందాక ఎవడో వెధవ ఫోన్ చేసి నేనే నీ మొగుణ్ణి అన్నాడు!" అన్నారు.

"మీరేమన్నారు మేడమ్?"

"ఏమంటాను? మా ఆయన గొంతు నాకు తెలీదా అని పెట్టేశాను. ఎక్కడున్నావురా అంటే ఎల్బీనగర్ అంటాడమ్మా! మొన్న లండన్ అన్నాడా, ఇవాళ ఎల్బీనగర్ అంటున్నాడు." ఆవిడ గొంతు తగ్గించారు. "దొంగ దగ్గరికొచ్చేస్తున్నాడు. నేను తలుపులు వేసేసుకున్నాను. మీరు కూడా వేసుకోండి."

నాకా మాట ఎంత సబబుగా తోచిందంటే, వెంటనే లేచి వెళ్ళి మెట్ల దగ్గరి గ్రిల్లుకి తాళం వేశాను. మెట్ల మీదున్న పిల్లలు సగం లోపలా సగం బయటా చిక్కుకుపోయారు. అప్పుడే జరాగన్న వచ్చాడు. బందు కాబట్టి కొత్తపేటలో ఊరేగింపు చూసుకుని వస్తున్నాడు. సంగతంతా చెప్పాను.

"సారు ఎల్బీనగరే పోయిండు గద చెల్లె?"

"గదే అన్నా! సారు ఏడికి పోయిండో గూడ వానికి తెల్సిపోయింది. మస్తు తయారై వచ్చిండు." (కంగారు పడితే నా రిసెప్షన్ భాష అటకెక్కేది.)

"జర ఆగు. మల్ల ఫోనొస్తే సారుకే తెల్సినది ఒకటి అడుగుదం."

ఫోను రానే వచ్చింది. ఈసారి స్పీకరు నొక్కాను. గ్రిల్లుకి ఇవతలా అవతలా పిల్లలంతా చెవులు రిక్కించారు. జరాగన్న గంభీరంగా, "మన ఖాతా ఏమైందని మెయిల్ల రాసిండ్రో చెప్పు," అన్నాడు.

"వేలాడదీయబడిందయ్యా బాబూ!"

జరాగన్న ముఖం వెలిగింది. నేను మౌత్‌పీసు మూసి, "అన్నా, గా మెయిలు రాసినోనికి గా ముచ్చట తెల్వదా?" అన్నాను. ఆయన ముఖం ఆరిపోయింది. అంతలో ఫోన్లో ఇంకో గొంతు. "మేడం, నేను పోలీస్ కానిస్టేబుల్‌ను మాట్లాడుతున్న. గీ పెద్దమనిషిని..."

"ఇంకొకడు తోడయ్యాడు," అన్నాను నేను జరాగన్నతో, అంతా ముందే ఊహించినదానిలా. "ఇప్పుడు పోలీసంటున్నాడు. ఇంకాసేపటికి జడ్జీ వస్తాడు చూడు."

పెట్టేయబోతుంటే మెట్ల మీదినుంచి ఒక అమ్మాయి, ఆ బియ్యం మూట తెచ్చినాయన కూతురే, గ్రిల్లులోంచి ముఖం దూర్చి గట్టిగా అరిచింది. "సారూ! ఎక్స్ స్క్వేర్ మైనస్ అయిదు ఎక్స్ ప్లస్ ఆరు ఈక్వల్టు సున్నకు, మైనస్ రెండు, మైనస్ మూడు వచ్చినయ్ సారూ! కరెక్టేనా?"

ఆ జీరగొంతే స్పీకరు పగిలిపోయేలా విరుచుకుపడింది. "నీ తలకాయ కరెక్టు! రెండూ కూడితే అయిదు రావాలా, మైనస్ అయిదు రావాలా? రేపు పరీక్ష పెట్టుకుని గుర్తులు మింగేస్తావా? చెప్పి చెప్పి నా గొంతు పోయింది గానీ మీకు మైనస్సంటే లెక్కే లేదు! రెండూ మూడూ! రాసుకో అర్జెంటుగా!"

"సారే!" అన్నారు పిల్లలందరూ ఒక్క గొంతుతో. జరాగన్న కూడా అన్నాడు. నా నోట్లోంచి మాత్రం "సార్... మీరు ముందే ఇలా మాట్లాడి ఉంటే..." అని వచ్చింది. దానికాయన ఏమన్నారో ఇక్కడ రాయను.

సొరుగులోంచి సారు ఐడీ కార్డు తీసుకుని, పిల్లల్ని అక్కడే ఉండమని గ్రిల్లుకి మళ్ళీ తాళం వేసి, జరాగన్న బండి మీద బయల్దేరాం. కొత్తపేట దాటాక రోడ్డంతా జనం. పొయ్యిల పొగ, డప్పులు, పులిహోర ఘుమఘుమలు. జరాగన్నని గుర్తుపట్టి నలుగురు చేతిలో విస్తరి పెట్టబోతే, "జర ఆగున్రే, వచ్చి తింట," అంటూ తప్పించుకున్నాడు. పోలీసులు పట్టుకెళ్ళినవాళ్ళందర్నీ ఆ వెనక ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారని తెలిసింది. లోపలికి వెళ్ళి చూద్దును కదా, ముందురోజు పెళ్ళి తాలూకు పూలు ఇంకా వాడలేదు. కుర్చీలు చాలక జనం కింద కూర్చున్నారు. పెద్దవాడని గౌరవించి కాబోలు, అర్జెంటు సారుని వేదిక మీద, పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర మఖమల్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్ళో హాల్ టికెట్ల కట్ట. ఒక్క టికెట్ కూడా నలగలేదు. చుట్టూ ఉన్న ఉద్యమకారులు ఆయనకి విస్తరాకులతో విసురుతున్నారు.

జరిగిందేమిటంటే, సారు స్కూటరు జనంలో ఆగిపోతే దిగి, "అర్జెంటు, దారివ్వండి" అని ముందుకి తోసుకెళ్ళారట. అందరికంటే ముందున్నాడు కాబట్టి నాయకుడనుకుని ఆయన్నే మొదట వ్యానెక్కించారట. వ్యానులో అందరూ జై తెలంగాణ అని అరుస్తుంటే తానొక్కడే మూతి ముడుచుకుని కూర్చోవడం మర్యాద కాదని ఈయనా అందుకున్నారట. ఏదైనా మొదలుపెడితే సగంలో ఆపే మనిషి కాదు కాబట్టి గొంతు పోయేదాకా అరిచారట. ఆ 'జర'లూ 'జల్ది'లూ కూడా ఆ సావాసంలో అంటుకున్నవే.

ఎస్సై తల పట్టుకుని కూర్చున్నాడు. "పొద్దుగాల్నుంచి నేను ఉద్యమంల లేను, లెక్కలు చెప్తా అంటుండు. వీళ్ళేమో మా అన్ననే అంటున్రు. ఐడీ కార్డు లేకుంటే ఎట్ల ఇడువాలె?" జరాగన్న ముందుకొచ్చి సాక్ష్యం చెప్పబోయాడు. కిందున్నవాళ్ళలో సగంమంది "అన్న వచ్చిండే!" అని చప్పట్లు కొట్టేసరికి, "నువ్వు గూడ కూసో," అని ఆయన్నీ కూర్చోబెట్టారు. ఇక మిగిలింది నేను. సారు ఐడీ కార్డు తీసి ఇచ్చాను. ఎస్సై దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "మరి నువ్వెవలు? నీ కార్డేది?" అన్నాడు.

నాకు కార్డు లేదు. ఎవరూ ఇవ్వలేదు. "నేను అక్కడే పనిచేస్తానండీ, నమ్మండి, కాస్త అర్జెంటు..." అన్నాను. అనేశాక నాకే నా మాట దొంగమాటలా వినిపించింది.

ఎస్సై సారువైపు తిరిగాడు. "ఈమె మీకు తెలుసా?"

సారు ఎర్ర కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు సర్దుకుని, నన్ను ఆపాదమస్తకం చూశారు. తాపీగా, జీవితంలో మొదటిసారి ఎంతో తాపీగా, అన్నారు. "ఆఁ... చూసినట్టే ఉందండీ. కానీ ఈ రోజుల్లో ఎవర్నీ తొందరపడి నమ్మకూడదు. ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి."

హాలంతా ఘొల్లుమంది. ఎస్సైకి కూడా నవ్వాగలేదు. సారునీ, జరాగన్ననీ, ఆ నవ్వుల్లో పడి నన్నూ వదిలేశారు. చీకటి పడకముందే సెంటరుకి చేరి గ్రిల్లు తాళం తీశాం. సారు పోయిన గొంతుతోనే ఒక్కొక్కళ్ళ పేరూ పిలిచి హాల్ టికెట్లిచ్చారు. పిల్లలు పరుగులు పెడుతూ మెట్లు దిగుతుంటే కింద చెప్పుల దుకాణం వాళ్ళ టీవీలో చెప్పారు, మర్నాటి పరీక్ష వాయిదా పడిందని. మెట్ల మీద ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. అందరూ తలలెత్తి సారువైపు చూశారు. ఆయన "ఇంటికెళ్ళండర్రా. నిదానంగా చదువుకోండి. తొందరేం లేదు," అన్నారు. ఆయన నోట ఆ మాట విని నేనూ జరాగన్నా ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. రాష్ట్రమొచ్చింది, ఆ రోడ్డు మీదికి మెట్రో వచ్చింది. నేను ఊరికి అటు చివర పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. అద్దాల మేడ, మెడలో కార్డు. ఇక్కడ మా కంపెనీయే మమ్మల్ని పరీక్షించడానికి అప్పుడప్పుడూ దొంగ మెయిళ్ళు పంపిస్తుంటుంది. నొక్కినవాళ్ళని మర్నాడు క్లాసులో కూర్చోబెడతారు. బహుమతి వచ్చిందన్నారు, నేను నొక్కలేదు. జీతం పెరిగిందన్నారు, నొక్కలేదు. అకౌంటు మూసేస్తామని బెదిరించారు, తిరిగి కూడా చూడలేదు. మొన్నీమధ్య ఒకటొచ్చింది. "బాగున్నారా? మీతో మాట్లాడి చాలా రోజులైంది," అని. అంతే. నా వేలు దానంతటదే వెళ్ళి నొక్కేసింది.

మర్నాడు క్లాసులో నా చుట్టూ అందరూ పాతికేళ్ళలోపు పిల్లలే. పాఠం చెప్పే కుర్రాడు మర్యాదగా, "మేడమ్, అందులో ఏం చూసి నమ్మారు?" అని అడిగాడు. బాగున్నారా అని అడిగాడు కదా నాయనా, అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మెయిలు తీసెయ్యమన్నారు గానీ ఇంకా తియ్యలేదు. రాసింది మనిషి కాదు, యంత్రమేనని తెలుసు, అయినా ఇంకో పూట ఉండనిద్దామనిపించింది.